పరీక్షకు ముందు నెల: తిరుమణి నుంచి ఒక వినతిపత్రం

తిరుమణి, పావగడ తాలూకా
2026 జనవరి

శ్రీయుత జిల్లాధికారి గారికి,
తుమకూరు జిల్లా, తుమకూరు.

విషయం: ఫిబ్రవరి 28న మొదలయ్యే సెకండ్ పీయూసీ పరీక్ష-1 కోసం తిరుమణి, చుట్టుపక్కల పల్లెల విద్యార్థులకు కావలసిన ఏర్పాట్ల గురించి.

ఆర్యా,

మేము తిరుమణి, దాని చుట్టూ ఉన్న పల్లెల వాళ్లం. మాలో తల్లిదండ్రులు ఉన్నారు, అవ్వతాతలు ఉన్నారు, ఈ ఏడు పరీక్ష రాయబోతున్న పిల్లలూ ఉన్నారు. ఈ వినతిని కన్నడంలోనూ రాసి జతచేశాం. ఆఫీసు లెక్కకు ఆ ప్రతినే అసలుగా తీసుకోవలసిందిగా కోరుతున్నాం. తెలుగు ప్రతి ఎందుకంటే, కింద సంతకాలు చేసినవాళ్లలో, వేలిముద్రలు వేసినవాళ్లలో చాలామందికి ఇంటిమాట తెలుగు. దీన్ని రెండుసార్లు చదివి వినిపించి, అర్థమైందని వాళ్లు చెప్పాకే సంతకాలు తీసుకున్నాం. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టే అలవాటు మానుకోవాలని మా పెద్దలు నిశ్చయించుకున్నారు.

మా తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. జిల్లా కేంద్రం మాకు వంద కిలోమీటర్లకు పైబడిన దూరం. వానను నమ్ముకుని శనక్కాయ పెట్టి, విత్తనం ఖర్చు కూడా తిరిగిరాని సంవత్సరాలు ఇక్కడి రైతులు చాలా చూశారు. ప్రాంతీయ అసమానతల మీద డి.ఎం. నంజుండప్ప గారి సమితి 2002లో ఇచ్చిన నివేదికలో వెనుకబడిన తాలూకాల వరసలో పావగడ ఉంది. ఆ తర్వాత మా ఊరి పేరు దేశానికి తెలిసింది సౌరవిద్యుత్ వల్ల. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు భూముల్లో, దాదాపు 13,000 ఎకరాల మీద, 2,050 మెగావాట్ల పార్కు లేచింది. 2018 మార్చి 1న దాన్ని ప్రారంభించారు, 2019 చివరికి పూర్తయింది. రైతులు భూమి అమ్ముకోలేదు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అన్న లెక్కన కౌలుకు ఇచ్చారు. భూమి ఉన్న ఇంటికి ఆ కౌలు ఆసరా అయింది. భూమి లేని ఇంటికి కలుపు కూలి, కోత కూలి తగ్గాయి. అలాంటి ఇళ్లలో కొందరు పెద్దలు పని వెతుక్కుంటూ బెంగళూరు వెళ్లారు. పరీక్ష నెలలో ఆ ఇళ్లలో పిల్లకు తోడు అవ్వ ఒక్కతే. దీన్ని ఫిర్యాదుగా రాయడం లేదు. కింద అడగబోయే వాటిలో కొన్ని ఎక్కడి నుంచి వచ్చాయో తెలియడానికి రాశాం.

ఇక పరీక్ష సంగతి. భయం పిల్లల మనసులో పుడుతుందని, ధైర్యం చెబితే పోతుందని అందరూ అంటారు. మేమూ ఏళ్ల తరబడి అదే అన్నాం. ఈసారి ఒక సాయంత్రం అందరం కూర్చుని పిల్లల్నే అడిగాం, దేనికి భయం అని. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. పాఠం రాదన్నవాళ్లు మేము అనుకున్నంతమంది లేరు. ‘పొద్దున బస్సు రాకపోతే?’ అన్నారు. ‘రాత్రి కరెంటు పోతే ఎక్కడికెళ్లి చదవాలి?’ అన్నారు. ‘జవాబు తెలుసు, ప్రశ్నే అర్థం కాకపోతే?’ అన్నారు. ‘పేపరు లీకైందని ఫోన్లో వస్తే చదివింది వదిలేసి అది చదవాలా?’ అని ఒకడు అడిగాడు. ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, చివరికి ‘తప్పితే మా వాళ్లు నన్ను మళ్లీ రాయనిస్తారా?’ అంది. ఆ మాటకు అక్కడున్న తండ్రులెవ్వరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు.

ఈ ప్రశ్నల్లో ధైర్యవచనంతో తీరేది ఒక్కటీ లేదు. ఏర్పాటుతో తీరనిదీ ఒక్కటీ లేదు. అందుకే మీ దగ్గరికి వస్తున్నాం.

మా వంతు ముందు చెప్పడం న్యాయం. ఫిబ్రవరి, మార్చి మాకు చింతకాయ రాల్చే కాలం. చింతపండు కొట్టి గింజ తీసే పని ఇంటింటికీ వస్తుంది. గుట్ట ఒక పక్క, నోటుబుక్కు ఒక పక్క పెట్టుకుని, చేతికి పులుపు అంటిన వేళ్లతోనే పేజీ తిప్పే పిల్లల్ని మేము చూస్తూ ఊరుకున్నాం. ఈ ఏడు ఫిబ్రవరి 1 నుంచి పరీక్ష ముగిసేదాకా, సెకండ్ పీయూ పిల్లలకు చింతపండు పని, గొర్రెల వెంట వెళ్లే పని, నీళ్లు మోసే పని చెప్పబోమని ఊరంతా ఒప్పుకుంది. పరీక్షకు ముందు రోజు పెళ్లికో, నామకరణానికో పిల్లను వెంటబెట్టుకుని పోవడం ఆపేస్తాం. ‘పక్కింటి వాడికి ఎన్ని వచ్చాయి’ అని అడగడం కూడా ఆపుతామని కొందరు మాటిచ్చారు. అది అన్నిటికంటే కష్టమైనదని మాకు తెలుసు.

ఇవి మేము చేయగలిగినవి. మా చేతిలో లేనివి ఇవి.

మొదటిది, బస్సు. పరీక్ష పొద్దున పది గంటలకు. హాలు వెతుక్కుని, నంబరు చూసుకుని, మంచినీళ్లు తాగి కూర్చోవాలంటే తొమ్మిదిన్నరకు అక్కడ ఉండాలి. పరీక్ష రోజుల్లో హాల్‌టికెట్ చూపిస్తే కె.ఎస్.ఆర్.టి.సి. బస్సులో ఉచితంగా తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. 2023 జూన్ 11 నుంచి ఆడపిల్లలకు శక్తి పథకం కూడా ఉంది. వీటికి కృతజ్ఞతలు. ఇప్పుడు మాకున్న ఇబ్బంది టికెట్టుది కాదు, టైముది. సరిహద్దు దాటి వచ్చే అంతర్‌రాష్ట్ర బస్సుల్లో శక్తి చెల్లదు కనుక, వేళకు అదొక్కటే వచ్చినా చేతిలో డబ్బు లేని పిల్ల ఎక్కకుండా నిలబడిపోతుంది. ఇంకొక సంగతి తమరు గమనించాలి. పోయిన ఏడు మొదటి పేపరు మార్చి 1, శనివారం. ఈ ఏడు మొదటి పేపరు ఫిబ్రవరి 28, అదీ శనివారమే. శనివారం అంటే పావగడ శనిమహాత్ముని గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే రోజు. బస్సు వచ్చినా అందులో కాలు పెట్టే చోటు ఉండదు. కొన్నేళ్ల కింద, వేళకు రావలసిన బండి రాకపోతే, ఒక తండ్రి ముగ్గురు పిల్లల్ని ఒకే మోటారుసైకిల్ మీద ఎక్కించుకుని పోయాడు. వేళకే చేరారు. కానీ మొదటి అరగంట చెయ్యి వణుకుతూనే ఉందని, వచ్చిన జవాబే మూడుసార్లు కొట్టేసి రాశానని ఆ పిల్లల్లో ఒకరు తర్వాత చెప్పారు. కనుక కోరేది: పరీక్ష ఉన్న ప్రతి రోజూ పొద్దున ఎనిమిది లోపు తిరుమణి నుంచి బయలుదేరేలా, విద్యార్థుల కోసమే ఒక బస్సు, పరీక్ష విడిచాక తిరిగి రావడానికి అదే బస్సు, ఏదైనా కారణంగా అది ఆగిపోతే పిలవడానికి పంచాయతి దగ్గర సిద్ధంగా ఒక వాహనం, దాని బాధ్యుడి ఫోన్ నంబరు. ఈ మూడో దాన్ని ఒక్క రోజు కూడా వాడవలసి రాకపోవచ్చు. అది ఉందని తెలిస్తే చాలు, ముందు రోజు రాత్రి పిల్ల నిద్రపోతుంది.

రెండోది, వెలుతురు, కూర్చునే చోటు. పక్కన అంత పెద్ద పార్కు ఉంది కనుక కరెంటు ముందు మాకే ఇవ్వాలని మేము వాదించడం లేదు. పగలు ఇక్కడ పుట్టే విద్యుత్తు గ్రిడ్డులో కలుస్తుందని, సూర్యుడు దిగాక మా ఇంటి బల్బు వెలిగేది ఆ గ్రిడ్డు నుంచేనని మాకు తెలుసు. అయితే ఈ ఊరి పిల్లలకు ఆ తేడా వివరించి చెప్పడం ఎంత కష్టమో తమరు ఊహించగలరు. మేడ ఎక్కితే కనుచూపుమేర సౌరపలకలే. కింద ఇంట్లో చీకటి. కోరేది రెండే. ఫిబ్రవరి 1 నుంచి పరీక్ష ముగిసే మార్చి 17 దాకా, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నర వరకు, తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు వరకు, మరమ్మతుల కోసమని ముందుగా నిర్ణయించి కరెంటు తీసేయడం ఉండకూడదు. తప్పదనుకున్నప్పుడు ముందు రోజే చెప్పాలి. ఇక గ్రామ పంచాయతి గ్రంథాలయాలకు ప్రభుత్వమే ‘అరివు కేంద్రం’ అని మంచి పేరు పెట్టింది. పరీక్ష కాలంలో దాన్ని రాత్రి పది వరకు తెరిచి, బ్యాటరీ దీపాలు పెట్టి, ఆడపిల్లలు భయం లేకుండా కూర్చుని తిరిగి వెళ్లేలా ఒక మహిళా సిబ్బందిని లేదా స్వయంసహాయక సంఘ సభ్యురాలిని ఉంచాలి. ఒకే గది, రేకుల కప్పు ఉన్న ఇంట్లో, టీవీ, పసిబిడ్డ, దగ్గే తాత, అందరి మధ్యా చదివే పిల్లకు నాలుగు గంటల నిశ్శబ్దం ఎంత అవసరమో విడిగా చెప్పనక్కరలేదు.

మూడోది భాష. దీని మీద కొంచెం నిలబడి చెప్పాలి.

మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. పదో తరగతి వరకు చాలామంది కన్నడంలో చదువుతారు, కన్నడం బాగానే రాస్తారు. సైన్సు తీసుకున్నవాళ్లు పీయూసీలో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి దూకుతారు. రెండేళ్ల తర్వాత పరీక్ష హాల్లో ఒక ప్రశ్న చదివే పిల్ల తలలో మూడు భాషలు ఒకేసారి నడుస్తుంటాయి. చివరి నెలలో అదే పెద్ద బరువు. భౌతికశాస్త్రంలో ‘స్టేట్’ అన్న మాటతో మొదలయ్యే ప్రశ్న చూసి, రాష్ట్రం అన్న అర్థం తప్ప వేరేది గుర్తుకు రాక, వచ్చిన సూత్రాన్నే రాయకుండా వదిలేసిన పిల్లవాడు మా ఊళ్లో ఉన్నాడు. నియమాన్ని చెప్పమనే అక్కడ అడిగారు. రసాయనశాస్త్రంలో ‘అకౌంట్ ఫర్’ అంటే లెక్క కట్టడం అనుకుని ఒక అమ్మాయి అంకెలు వెతికింది. కారణం చెప్పమని అడుగుతున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ‘జస్టిఫై’, ‘డిస్టింగ్విష్’, ‘డిరైవ్’, ‘ఇలస్ట్రేట్’, ‘కంపేర్’: ప్రశ్నల్లో వచ్చే ఇలాంటి క్రియాపదాలు ఒక చిన్న పుస్తకానికి సరిపడేటన్నే ఉంటాయి. ప్రతిదానికీ కన్నడ అర్థం, తెలుగు అర్థం, ఆ మాట చూస్తే జవాబు ఎంత, ఎలా రాయాలో ఒక్క వాక్యం. దీన్ని తాలూకాలోని అధ్యాపకులే నాలుగు రోజుల్లో కూర్చగలరు. అచ్చువేయించి ఫిబ్రవరి మొదటి వారానికి పిల్లల చేతికివ్వాలని కోరుతున్నాం. మా దృష్టిలో ఈ వినతి మొత్తంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే. ఇలా చేస్తే కన్నడానికి లోటు అని ఎవరైనా అనవచ్చు. ఈ ఏడు మొదటి పేపరే కన్నడం. దానికి మా పిల్లలు ప్రేమగానే సిద్ధమవుతున్నారు. ఇంటిమాట సాయంతో మిగతా పేపర్లు అర్థమైతే కన్నడానికి పోయేదేమీ లేదు.

దీనితోపాటే, బోర్డు వెబ్‌సైటులో పెట్టే మాదిరి ప్రశ్నపత్రాలు, ఏ అధ్యాయానికి ఎన్ని మార్కులో చెప్పే బ్లూప్రింటు అచ్చుకాగితం మీద ఇవ్వాలి. ఫోన్లో పేజీ తెరుచుకునేసరికి డేటా అయిపోయే ఇళ్లు మావి. బాగా వెనకబడిన పిల్లలకు పాఠశాలల్లో, కాలేజీల్లో ‘పాసింగ్ ప్యాకేజ్’ అని కొన్ని ముఖ్యమైన ప్రశ్నలు ఏరి ఇస్తున్నారు. అది మంచి పని, కొనసాగాలి. కానీ ఎనభై తెచ్చుకోగల పిల్ల చేతికి కూడా అదే కాగితం ఇచ్చి సరిపెట్టడం మాకు ఒప్పుదల కాదు. చివరి నెలలో ఆ పిల్లకు కావలసింది అనుమానం తీర్చే మనిషి. వారానికి రెండు సాయంత్రాలు, గణితం, భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు, అకౌంటెన్సీకి అధ్యాపకులు వంతులవారీగా అరివు కేంద్రానికి వచ్చి కూర్చుంటే చాలు. వచ్చే వారికి దారిఖర్చు, గౌరవవేతనం ఇవ్వడం న్యాయం. ఊరికే రమ్మని మేము అడగం.

నాలుగోది, పుకార్లు. 2016లో సెకండ్ పీయూసీ రసాయనశాస్త్రం పేపరు మార్చి 21న లీకైంది. మార్చి 31న మళ్లీ పెట్టబోతే అదీ లీకైంది. చివరికి ఏప్రిల్ 12న రాయించారు. ఒకే పేపరుకు మూడుసార్లు చదివిన ఆ పిల్లల కథ ఇప్పటికీ అన్నలు, అక్కలు తమ్ముళ్లకు చెబుతుంటారు. అందుకే పరీక్ష ముందు రాత్రి ఫోన్లోకి ఏ కాగితం ఫొటో వచ్చినా గుండె జారుతుంది. ఆ తర్వాత పటిష్ఠమైన ఏర్పాట్లు వచ్చాయి, మేము కాదనం. కానీ ఆ మాట రాత్రి ఎనిమిదింటికి పిల్లకు చేరాలి కదా. పరీక్షకు ముందు ప్రతి సాయంత్రం తాలూకా స్థాయి అధికారి ఒకరు ‘రేపటి పరీక్ష యథావిధిగా జరుగుతుంది, ఫలానా వార్త నిజం కాదు’ అని కన్నడంలో, తెలుగులో రెండు వాక్యాలు పంచాయతి ద్వారా పంపితే చాలు.

ఐదోది మనసుకు సంబంధించినది, తప్పినవాళ్లకు సంబంధించినది. రెంటినీ విడదీయలేము. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. సరిహద్దు ఇవతల ఉన్న మా ఇళ్లలో కూడా ఆ వార్తలు విని తల్లులు రాత్రి లేచి పిల్లల్ని చూసుకున్నారు. మన రాష్ట్రంలో ఒక మంచి వెసులుబాటు ఉంది. పరీక్ష-1 తర్వాత మళ్లీ రాసే అవకాశం ఉంది, రాసినవాటిలో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. ఈ ఏడు నుంచి ఉత్తీర్ణతకు కావలసింది 35 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. ఈ రెండు సంగతులు పిల్లలకు తెలుసు. తెలియవలసింది తల్లిదండ్రులకు. ‘ఒక్కసారి తప్పితే అయిపోయింది, పెళ్లి చేసేద్దాం’ అనుకునే ఇల్లు ఇంకా ఉందని ఒప్పుకోవడానికి మాకు సిగ్గుగా ఉన్నా, దాచలేం. కోరేది: ఫిబ్రవరి మొదటి పక్షంలో ఊళ్లో ఒక సభ పెట్టి, మళ్లీ రాసే ఈ నియమాన్ని తెలుగులో వివరించాలి. దానికి మేము తండ్రులందర్నీ తీసుకువస్తాం. ఫలితాలు వచ్చిన వారంలోగా, తప్పిన ప్రతి విద్యార్థి ఇంటికి కాలేజీ నుంచి ఒకరు వెళ్లి, పరీక్ష-2 దరఖాస్తు అక్కడే నింపించాలి. ఆడపిల్లల ఇళ్లకు అంగన్‌వాడీ కార్యకర్త గానీ ఆశా కార్యకర్త గానీ తోడు వెళ్లాలి. టెలీ మానస్ నంబరు 14416 ఏ వేళలోనైనా పలుకుతుందని, తెలుగులోనూ మాట్లాడవచ్చని, డబ్బు అడగరని హాల్‌టికెట్‌తోపాటు ఒక చీటీ ఇవ్వాలి. ఈ సేవకు మూలకేంద్రం బెంగళూరు నిమ్హాన్స్ అని కూడా ఆ చీటీ మీద రాస్తే, పిచ్చివాళ్లకు మాత్రమే అనుకునే మా పెద్దలకు కొంత గురి కుదురుతుంది. పరీక్ష ముందు కడుపునొప్పి, అన్నం దిగకపోవడం, చదివింది మరిచిపోయినట్టు అనిపించడం రోగాలు కావని చెప్పే మనిషి మా పిల్లలకు ఫోన్లోనైనా దొరకాలి.

ఆరోది చిన్నది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మైకులు మోగకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలే చెబుతున్నాయి. ఈ ఒకటిన్నర నెల అవి మా తాలూకాలో గట్టిగా అమలయ్యేలా ఆదేశించాలి. మా ఊరి జాతర పెద్దలు ముందే ఒప్పుకున్నారు.

ఏడోది ఖర్చు. పైన అడిగిన వాటికి కొత్త పద్దు అక్కరలేదని మా నమ్మకం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి, తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. మా ప్రాంతం ఏదో, మా పొలాల్లో ఏం నిలబడి ఉందో తమరికి తెలుసు. పార్కులో పనిచేసే సంస్థలను ఒకసారి కూర్చోబెట్టి, అరివు కేంద్రం దీపాలు, అచ్చు పుస్తకాలు, అధ్యాపకుల దారిఖర్చు వారి చేత పెట్టించగలరని కోరుతున్నాం. దానం కింద అడగడం లేదు. ఈ పిల్లల్లో చాలామంది తాతల పొలాల మీదే ఆ పలకలు నిలబడి ఉన్నాయి.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోవచ్చని మేము ఎరుగుదుం. అందుకే వరస కూడా చెబుతున్నాం. బస్సు, ప్రశ్నల మాటల పుస్తకం, రాత్రి తెరిచే గది, ఊరి సభ: ఈ నాలుగూ ఫిబ్రవరి 10లోగా కావాలి. ఆ తేదీ దాటితే ఈ ఏటి పిల్లలకు అవి ఉపయోగపడవు. మిగతావి మార్చి 17లోగా, కొన్ని పరీక్ష-2 నాటికి అయినా సరే. ఏది వీలవుతుందో, ఏది కాదో, కాకపోతే ఎందుకో ఫిబ్రవరి 5లోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం. కాదన్న జవాబు కూడా మాకు ఉపయోగమే. అప్పుడు ఆ పనికి మేమే ట్రాక్టరు మాట్లాడుకోవాలో, జనరేటరు అద్దెకు తెచ్చుకోవాలో ముందే తెలుస్తుంది.

ఊరి తరఫున మాట్లాడడానికి ఇద్దరు తల్లులు, ఒక తండ్రి, పరీక్ష రాసే ఇద్దరు విద్యార్థులు తమరు చెప్పిన రోజు తుమకూరు రావడానికి సిద్ధంగా ఉన్నారు. విద్యార్థులు రావలసి వస్తే ఆ రోజు ఆదివారం అయితే మేలు. వాళ్లకు పాఠం పోకూడదు.

ఇట్లు,
తిరుమణి, చుట్టుపక్కల గ్రామాల విద్యార్థులు, తల్లిదండ్రులు
(సంతకాలు, వేలిముద్రలు విడి కాగితాల మీద)

జత: కన్నడ ప్రతి; ప్రశ్నల్లో వచ్చే క్రియాపదాల తొలి జాబితా, విద్యార్థులు తయారుచేసినది.

ప్రతులు: పదవిపూర్వ విద్యాశాఖ ఉపనిర్దేశకులు, పావగడ తహసీల్దారు, తాలూకా పంచాయతి కార్యనిర్వహణాధికారి, గ్రామ పంచాయతి అభివృద్ధి అధికారి.